అప్పటికప్పుడు వాయించడమా, ముందే రాసుకోవడమా?

బాణీ కట్టడానికి రెండు దారులున్నాయి. వాయిద్యం ముందు కూర్చుని చేతికి తోచింది వాయించడం ఒకటి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందే కాగితం మీద పెట్టుకోవడం రెండోది.

మొదటిదాంట్లో ఉండే ప్రాణమే వేరు. 1975 జనవరిలో జర్మనీలోని కొలోన్ నగరంలో కచేరీకి అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్‌కు దొరికిన పియానో ఏమీ బాగోలేదు. పై స్వరాలు పలచగా, కింది స్వరాలు బలహీనంగా పలికేవి. ఆయన ఎక్కువగా మధ్య స్వరాల దగ్గరే ఉండి, ఎడమచేత్తో చిన్న చిన్న వరసల్ని తిప్పి తిప్పి వాయిస్తూ, గంటకు పైగా అప్పటికప్పుడే అల్లుకుంటూ పోయారు. ముందే రాసుకున్న సంగీతమైతే ఆ పియానో మీద తేలిపోయేదని నా నమ్మకం.

కానీ ఏమీ అనుకోకుండా కూర్చుంటే వేళ్లు అలవాటైన దారే పడతాయి. కొత్తగా తట్టిందని మురిసిపోయింది నిన్నటిదేనని రికార్డింగ్ వింటే గానీ తెలియదు.

ప్లానింగ్ ఈ అలవాటును తెంపుతుంది. పాశ్చాత్య స్వరకర్త బేతోవెన్ నోటు పుస్తకాల్లో ఒకే వరసను కొట్టేసి, మార్చి, మళ్లీ రాసిన జాడలు కనిపిస్తాయి. అప్పటికప్పుడు వాయించడంలో వియన్నాలో పేరు మోసిన మనిషి ఆయన, అయినా అంత కష్టపడ్డారు! పొడవైన రచనకు ఇదే మేలు. చిక్కల్లా, దిద్దీ దిద్దీ మొదటి ఊపు చచ్చిపోవడమే.

నేనైతే ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పది నిమిషాలు ఆపకుండా వాయిస్తాను. మర్నాడు విని, నిలబడే నాలుగు బార్లు (తాళం లెక్కలో చిన్న ముక్కలు) దొరికితే అప్పుడు పెన్సిల్ పడతాను.