కారు ఎమర్జెన్సీ కిట్: ఆరేళ్ళ వాడకం తర్వాత ఏం మిగిలింది

మా కారు కిట్‌లో అన్నిటికన్నా పనికొచ్చింది ఏ రెడీమేడ్ కిట్‌లోనూ రాదు. అడుగు పొడవు, అంతే వెడల్పు ఉన్న బల్లచెక్క అది.

నేనుండేది అంబాజీపేట. పనిమీద వారానికి రెండుసార్లయినా రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళొస్తుంటాను. 2019లో కారు కొన్న కొత్తలో ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను. జిప్పు సంచీ, లోపల పదకొండు సామాన్లు. రెండేళ్ళు దాన్ని ముట్టుకునే అవసరమే రాలేదు.

2021 సెప్టెంబరులో వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి, వానలో, కొత్తపేట దాటాక వెనక టైరు పోయింది. పక్కనే పంట కాలువ. మార్జిన్‌లోకి దింపి జాకీ పెట్టి తిప్పుతున్నాను. కారు లేవదే! జాకీయే నేలలోకి దిగుతోంది. నానిన నల్లమట్టి కదా, వేలు పెడితే లోపలికి పోతోంది. ఇంతలో మోకు, కత్తి కట్టుకున్న మోటారు సైకిల్ ఒకటి ఆగింది. కొబ్బరికాయలు దింపే పని చేసే ఆయన. కాసేపు చూసి, "ఆయ్, అలా ఎంతసేపు తిప్పినా కిందకే పోద్దండి. చెక్కేదన్నా ఉందాండి?" అన్నాడు. లేదన్నాను. పక్కన మకాంలోంచి ఈ చెక్క పట్టుకొచ్చాడు. దానిమీద జాకీ నిలబెడితే కారు నాలుగు తిప్పుల్లో లేచింది. చెక్క మళ్ళీ ఇటొచ్చినప్పుడు ఇచ్చేయమన్నాడు. ఇంతవరకు ఇవ్వలేదు, అది వేరే సంగతి.

ఆ రాత్రే ఇంకోటి తెలిసింది. బోల్టులు చక్రం నేలమీద ఉండగానే కాస్త వదులు చెయ్యాలి. పైకి లేపాక పానా వేస్తే చక్రమే తిరుగుతుంది. పైగా టైర్ల షాపుల్లో మిషనుతో బిగించేస్తారు, కారుతో ఇచ్చే పొట్టి పానాకి అవి లొంగవు. అందుకని పానాకి తొడిగే రెండడుగుల ఇనప పైపు ముక్క కూడా ఇప్పుడు డిక్కీలో పడుంటుంది. ఆ పక్కనే బరకం ముక్కొకటి, బురదలో మోకాళ్ళమీద కూర్చోడానికి.

మా బావమరిది కొత్త కారులో స్టెప్నీయే లేదు. 2020లో నిబంధన సడలించారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, రిపేరు కిట్ ఉంటే చాలట. మేకు దిగితే ఆ కిట్‌లో జిగురు పనిచేస్తుంది, టైరు పక్క గోడ కోసుకుపోతే మాత్రం పనిచెయ్యదు. మా రోడ్లమీద ధాన్యం ఆరబోసి, ఎత్తేశాక అంచున పెట్టిన రాళ్ళు అక్కడే వదిలేస్తారు. రాత్రిపూట ఆ రాళ్ళు పక్క గోడకే తగులుతాయి. స్టెప్నీ ఉన్న కారే కొనమని చెప్పాను, వినలేదు.

లెక్కకి ఎక్కువసార్లు వాడింది గాలి పంపు. మేకు దిగినా పీకకుండా 33 పీఎస్‌ఐకి గాలి కొట్టుకుని పంక్చర్ షాపు దాకా ఎన్నిసార్లు వెళ్ళానో! కిట్‌తో వచ్చిన దాని వైరు వెనక చక్రానికి అందేది కాదు. ఒకే టైరుకి వేడెక్కి వాసనొచ్చేది. రెండోది విడిగా కొన్నాను. దానంతటది ఆగుతుంది, వైరు పొడుగు. ఇంజను ఆన్‌లో ఉంచే వాడాలి, లేకపోతే బ్యాటరీ దిగుతుంది.

బ్యాటరీ సంగతికొస్తే, కిట్‌లో నన్ను నిలువునా ముంచింది జంపర్ కేబుల్. అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు పిల్లలు లోపలి లైటు ఆర్పలేదు. అర్ధరాత్రి తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. పక్క కారాయన సాయం చేశాడు గానీ, కేబుల్ పైకి లావు, లోపల తీగలు మాత్రం పురికొస అంత. రబ్బరు వేడెక్కింది తప్ప ఇంజను తిరగలేదు. పది నిమిషాలు ఆయన కారు ఆన్‌లో ఉంచి, మన బ్యాటరీకి కాస్త చార్జి ఎక్కాకే స్టార్టయింది. ఇప్పుడున్నది బ్యాటరీ షాపులో చూసి కొన్న లావు రాగి కేబుల్. ఎర్రది ముందు పోయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచిదాని ప్లస్‌కి. నల్లది మంచిదాని మైనస్‌కి, రెండో కొస మన ఇంజనుమీద రంగు వెయ్యని ఇనుముకి. ఈ వరస కాగితంమీద రాసి కేబుల్‌కే చుట్టాను, అర్ధరాత్రి టెన్షన్‌లో గుర్తురాదు.

అద్దం పగలగొట్టే సుత్తి రెండేళ్ళు డిక్కీ సంచీలోనే ఉంది. కాలువలో పడితే డిక్కీ దగ్గరికెలా వెళ్తాననుకున్నానో! ఇప్పుడు డ్రైవర్ డోర్ అరలో ఉంది, సీటు బెల్టు కోసే బ్లేడు కూడా దానికే ఉంటుంది. పాత ఇనుము కొట్లో అడిగి పరీక్షించాను. పక్క డోరు అద్దం మూలన ఒక్క దెబ్బకి పంచదార పలుకుల్లా రాలిపోయింది. ముందు అద్దం నాలుగు దెబ్బలేసినా సాలెగూడులా పగిలిందే గానీ ఊడలేదు. రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుందిగా. కొత్త కార్లు కొన్నిట్లో పక్క అద్దాలూ అలాంటివే వస్తున్నాయి, అద్దం మూల రాసున్నది చదువుకోవాలి. నీళ్ళలో పడితే మాత్రం సుత్తికన్నా ముందు బెల్టు తీసి కిటికీ దించడమే. కరెంటు కాసేపు పనిచేస్తుంది.

కారు ఆగిపోతే వెనక రోడ్డుమీద పెట్టే ఎర్ర ట్రయాంగిల్ తేలిక, లారీ గాలికే పడిపోతుంది. కాళ్ళమీద రాయి పెట్టాలి. మా దగ్గర రాళ్ళకి కరువు లేదని పైన చెప్పానుగా. ప్లాస్టర్లు ఒక్క వేసవికే జిగురు పోయాయి. టార్చిలో సెల్స్ కారిపోయి స్ప్రింగు పాడైంది. ఇప్పుడు సెల్స్ విడిగా కవర్లో పెడుతున్నాను. 1033 (జాతీయ రహదారి సాయం), 112 (పోలీసు, అత్యవసరం), 108 (అంబులెన్సు) నంబర్లు గ్లవ్ బాక్స్ మూతకి అంటించాను, ఇంట్లోవాళ్ళు తోలినా కనపడాలని.

వరదకి ఏ కిట్టూ లేదు. 2022 జులైలో గోదావరి పోటు మీదున్నప్పుడు లంకల వైపు వెళ్ళాల్సిన పని పడింది. కాజ్‌వే మీద నీళ్ళు మోకాలి లోతే అన్నారు. అవతల ట్రాక్టర్ వెళ్తోంది కూడా. నేను వెనక్కి తిప్పేశాను. డిక్కీలో మోకు ఉందిగా అన్నారొకరు. ఆ మోకు ఈ ఆరేళ్ళలో గట్టు దిగిన ఒక ఆటోని లాగడానికి తప్ప వాడలేదు.

మంటలార్పే సిలిండర్ ఇంతవరకు వాడలేదు. మొదటిది మూడో ఏటికే ముల్లు పచ్చరంగు దాటి ఎరుపులోకొచ్చింది. ఇప్పుడున్నది సీటు కింద క్లిప్పుతో బిగించాను. లోపలి పొడి గడ్డకట్టకుండా నెలకోసారి తిరగేస్తుంటాను, మా ఆవిడ ఆవకాయ జాడీ కలిపినట్టు.