పండ్ల వాసనకు నారింజ తొక్కా, మనోరంజితం పువ్వా?

మామిడి, జామ ఎంత ఘుమఘుమలాడినా, వాటి గుజ్జు నుంచి సెంటుకు పనికొచ్చే నూనె తీయడం దాదాపు కుదరదు. అందుకే సహజ పరిమళాలు చేసేవాళ్లు తొక్కల్లోనో పువ్వుల్లోనో పండు వాసన వెతుక్కోవాలి.

నారింజ తొక్కతో పని సులువు. వేళ్లతో మడిచి నొక్కితే సన్నటి నూనె తుంపర ఎగిరి చెయ్యంతా వాసనేస్తుంది. ఆ నూనెలో 90 శాతానికి పైగా లిమోనీన్ అనే వాసన పదార్థం ఉంటుంది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ నిలవదు. చర్మం మీద గంట తిరక్కుండానే ఎగిరిపోతుంది. సీసాలో గాలి తగిలితే పాడవుతుంది కూడా. నారింజకు బదులు తొక్కను పిండి తీసిన నిమ్మ నూనె వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త, రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలే ప్రమాదం ఉంది.

మనోరంజితం సంగతి వేరు. మనవాళ్లు దీన్ని ఫల సంపంగి అని ఊరికే అనలేదు! పచ్చగా ఉన్నప్పుడు ఆకుల్లో కలిసిపోయి కనబడదు. పసుపు తిరిగాక ఒక్క పువ్వు చాలు, గదంతా ముగ్గిన పండ్ల బుట్ట పెట్టినట్టే. ఏ పండు తలుచుకుంటే ఆ వాసన వస్తుందని పెద్దవాళ్లు అంటారు. నాకైతే ఎప్పుడూ పనస, అరటి కలిసినట్టే ఉంటుంది. ఈ పువ్వుల్ని వేడి చేయకూడదు. తడి లేకుండా ఆరనిచ్చి కొబ్బరినూనెలో వేసి, రోజూ పాతవి తీసి కొత్తవి వేస్తూ పోవాలి. ఓపిక కావాలి, పెరట్లో తీగ ఉండాలి.

రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను మనోరంజితమే అంటాను.