నల్ రాయాలా, దిశ చెప్పాలా? హైపోథిసిస్ విషయంలో ఏది మేలు

సినాప్సిస్‌లు (థీసిస్ పనికి ముందు ఇచ్చే ప్రణాళికలు) ఇచ్చే రోజులు దగ్గరపడ్డాయంటే నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "మేడమ్, హైపోథిసిస్ నల్‌లో రాయమంటారా, డైరెక్షనల్‌గా రాయమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఈసారి ఒకేచోట రాసిపెడుతున్నాను. పరికల్పన (హైపోథిసిస్) అంటే డేటా తీసుకోకముందే రాసే ఊహ, చలరాశులంటే మనిషికీ మనిషికీ మారే అంశాలు. నల్ అంటే తేడా లేదనే ఊహ, డైరెక్షనల్ అంటే తేడా ఎటువైపో చెప్పే ఊహ. ఇవి మీరు చదివే ఉంటారు, ఇంతకుమించి వాటి జోలికి వెళ్లను.

ఒక అంశం తీసుకుందాం. హాస్టల్లో ఉండే ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల నిద్ర, వాళ్ల పరీక్షల టెన్షన్. టెన్షన్ కొలవడానికి సారాసన్ పరీక్షా ఆందోళన స్కేలు ఉంది, 37 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. నల్‌గా రాస్తే: "ఆరు గంటల లోపు నిద్రపోయే వారికీ, ఆరు గంటలు లేదా అంతకు మించి నిద్రపోయే వారికీ పరీక్షా ఆందోళనలో సార్థక భేదం ఉండదు." దిశ లేకుండా రాస్తే: "సార్థక భేదం ఉంటుంది." దిశ చెప్పి రాస్తే: "తక్కువ నిద్రపోయే వారిలో ఆందోళన ఎక్కువగా ఉంటుంది." సార్థకం అంటే కాకతాళీయమని కొట్టిపారేయలేనంత అని. చూడ్డానికి మాటల తేడానే. కానీ ఫలితం చేతికొచ్చాక మీరేం చెప్పగలరన్నది ఇక్కడే తేలిపోతుంది.

మన దగ్గర ఎమ్మే సైకాలజీ, ఎం.ఎడ్. థీసిస్‌లలో నల్‌దే రాజ్యం. లింగం, ప్రాంతం, యాజమాన్యం, మాధ్యమం అని నాలుగు చలరాశులు తీసుకోవడం, ఒక్కోదానికి "సార్థక భేదం ఉండదు" అని ఒక వాక్యం రాయడం. బాలురు-బాలికలు, పల్లె-పట్నం, ప్రభుత్వ-ప్రైవేటు, తెలుగు-ఇంగ్లీషు. దీనివల్ల సౌకర్యం ఉంది, కాదనను. గణాంకశాస్త్రం పరీక్షించేది నల్‌నే కాబట్టి టేబుల్ కింద "తిరస్కరించడమైనది" అని సూటిగా రాయొచ్చు. ఎగ్జామినర్‌కూ అలవాటైన రూపమే.

నా అభ్యంతరం ఒక్కటే. అది మీ ఊహ కాదు. 1935లో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ టీ కప్పుల ప్రయోగం వివరించినప్పుడు శూన్య పరికల్పన (అంటే నల్) పక్కన ఒక మనిషి చెప్పిన మాట ఉంది. పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంది. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా. గుడ్డిగా ఊహిస్తే అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. ఆవిడ మాట ఉంది కాబట్టే "ఆవిడకు ఆ శక్తి లేదు" అన్న శూన్యానికి అర్థం వచ్చింది. మన థీసిస్‌లలో ఆవిడ ఉండదు, శూన్యం మాత్రమే ఉంటుంది. పల్లె పిల్లలకూ పట్నం పిల్లలకూ తేడా ఎందుకు ఉండాలో, ఎందుకు ఉండకూడదో ఎవరూ చెప్పరు. పైగా ఇలాంటివి పది నల్‌లు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, 0.05 దగ్గర (అంటే తేడా లేకపోయినా ఉందని తేలే అవకాశం ఒక్కోదానికి 5 శాతం) పరీక్షిస్తే, నిజంగా ఏ తేడా లేకపోయినా కనీసం ఒక్కటైనా "సార్థకం" అని తేలే అవకాశం దాదాపు 40 శాతం. ఆ ఒక్కదాని మీద చివరి అధ్యాయంలో రెండు పేజీల వ్యాఖ్యానం రాస్తాం.

దిశ లేని పరికల్పనకు న్యాయమైన చోటు ఒకటుంది. పాత అధ్యయనాలు రెండు వైపులా ఉన్నప్పుడు, లేదా మీ సిద్ధాంతమే రెండు వైపులా తూగేటప్పుడు. టెన్షన్‌కూ మార్కులకూ సంబంధం చూడాలనుకోండి. 1908లో సైకాలజిస్టులు యెర్క్స్, డాడ్సన్ ఎలుకల మీద చేసిన పని నుంచి వస్తున్న ఆలోచన ప్రకారం ప్రేరేపణ మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా పని చెడుతుంది, గ్రాఫు గీస్తే మధ్యలో ఎత్తుగా ఉండే వంపు వస్తుంది. మీ శాంపిల్ ఆ వంపులో ఏ వైపు ఉందో ముందే తెలియదు. అలాంటప్పుడు "సంబంధం ఉంటుంది" అనడం నిజాయితీ. కానీ మా పిల్లలు దీన్ని రాసేది ఆ కారణంతో కాదు, భయంతో.

క్రితంసారి ఒక అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. నిద్ర, పరీక్షల టెన్షనే అంశం. పెన్సిల్‌తో "తేడా ఉంటుంది" అని రాసుకుంది.

"ఎటువైపు?" అన్నాను.

"తెలీదు మేడమ్."

"నీకేమనిపిస్తోందమ్మా?"

కాసేపు ఆగి చెప్పింది. వాళ్ల చెల్లెలు హాస్టల్లో రాత్రి పన్నెండు దాకా స్టడీ అవర్స్‌లో కూర్చుంటుందట, పొద్దున్న అయిదింటికే లేపేస్తారట. స్లిప్ టెస్టు పేపరు చేతికిస్తే చాలు, వచ్చిన ప్రశ్న కూడా మర్చిపోతుందట. అంటే ఈ అమ్మాయికి దిశ తెలుసు. ఎందుకో కూడా కొంత తెలుసు.

"మరి రాయొచ్చుగా?"

"తప్పయితే మేడమ్? మార్కులు పోవా?"

అసలు విషయం ఇదే. పరికల్పన తప్పవడం అంటే విద్యార్థి ఫెయిలవడం అనుకుంటున్నారు. తప్పయ్యే అవకాశం లేని పరికల్పన వల్ల ఒరిగేదేమీ లేదు.

దిశ చెప్పడంలో ఎంత బలం ఉందో చూపించడానికి నేను క్లాసులో బొద్దింకల కథ చెబుతాను. 1969లో సైకాలజిస్టు రాబర్ట్ జాయన్స్, ఆయన సహచరులు బొద్దింకల్ని పరుగెత్తించారు. ఒక చివర వెలుగు, రెండో చివర తలదాచుకోవడానికి చీకటి పెట్టె. ఒక దారి తిన్నగా ఉంటుంది, ఇంకోదానిలో మలుపు ఉంటుంది. పక్కన పారదర్శకమైన గదుల్లో మిగతా బొద్దింకలు ప్రేక్షకులు. "ప్రేక్షకులుంటే తేడా వస్తుంది" అని రాసి ఉంటే ఏ ఫలితమొచ్చినా సరిపోయేది. ఆయన అలా అనలేదు. పక్కన ఎవరైనా ఉంటే ఉద్రేకం పెరుగుతుంది, దాంతో అలవాటైన స్పందనే ముందుకొస్తుంది, కాబట్టి సులువైన దారిలో వేగం పెరగాలి, మలుపున్న దారిలో తగ్గాలి అన్నాడు. ఫలితమూ అలాగే వచ్చింది. ఒకే కారణం నుంచి రెండు వేర్వేరు దిశలు ముందే చెప్పి నిలబడ్డాడు కాబట్టే ఆ కారణాన్ని మనం నమ్ముతున్నాం.

అందుకే నా మొగ్గు దిశ చెప్పడం వైపే. అయితే దీనికి ఒక ప్రమాదం అంటుకుని ఉంది. రెండు గ్రూపుల్లో ముప్పయ్యేసి మంది ఉన్నారనుకోండి. తేడా ఎటువైపు వచ్చినా లెక్కలోకి తీసుకునే రెండు కొసల పరీక్షకు టి విలువ (గ్రూపుల తేడా ఎంత బలమైందో చూపే అంకె) 2.00 దాటాలి, ముందే చెప్పిన వైపు మాత్రమే చూసే ఒక కొస పరీక్షకు 1.67 దాటితే చాలు. మీకు 1.80 వచ్చింది. ఆ క్షణంలో "నాది డైరెక్షనల్ కదా" అని గుర్తొస్తుంది, ఒక కొసకు మారిపోవాలనిపిస్తుంది. 2011లో సైకాలజిస్టు డారిల్ బెమ్ భవిష్యత్తును ముందే పసిగట్టగలమంటూ వెయ్యి మందికి పైగా పాల్గొన్న తొమ్మిది ప్రయోగాలు ప్రచురించినప్పుడు ఒక కొస పరీక్షలే వాడాడు. వచ్చిన విమర్శల్లో అదీ ఒకటి. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీతో పాటు పారాసైకాలజీ (అతీంద్రియ శక్తుల అధ్యయనం) కూడా విభాగం పేరులోనే ఉన్న రోజులున్నాయి కాబట్టి మన పాతతరం వాళ్లకు ఈ చర్చ కొత్త కాదు. ఆ రంగంలో కాకతాళీయం కంటే తక్కువ స్కోరు వస్తే దానికీ "సై-మిస్సింగ్" అని పేరుంది. ఎక్కువొస్తే శక్తి, తక్కువొచ్చినా శక్తే అయితే ఇక ఏ ఫలితం వస్తే శక్తి లేదని ఒప్పుకుంటాం?

కాబట్టి నా దృష్టిలో తేల్చేది ఒకే ప్రశ్న. ఫలితం తిరగబడితే ఏం రాస్తారు? ఎక్కువ నిద్రపోయిన పిల్లల్లోనే టెన్షన్ ఎక్కువని తేలిందనుకోండి. "నా ఊహ తప్పు" అని రాసి, అది ఎలా జరిగి ఉంటుందో వేరుగా చర్చించగలిగితే దిశ చెప్పండి. పరీక్ష మాత్రం రెండు కొసలదే చేయండి. కొంచెం కఠినం, కానీ అప్పుడు మిమ్మల్ని ఎవరూ అనుమానించలేరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా ఎమ్మే ప్రాజెక్టులో నేను చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. టేబుల్స్ ముందు వేయించుకుని, వాటిని పక్కన పెట్టుకుని పరికల్పనలు రాశాను. అన్నీ నిజమయ్యాయి. వైవాలో ఎవరూ అడగలేదు. ఫలితం చూశాక ఊహ రాసి ముందే ఊహించినట్టు చెప్పే ఈ అలవాటుకు నార్బర్ట్ కెర్ అనే సైకాలజిస్టు 1998లో "హార్కింగ్" అని పేరు పెట్టాడు. అది చదివిన రోజు నా థీసిస్ తీసి చూసుకుని చాలా బాధపడ్డాను. డేటా ఇచ్చిన పిల్లలు ఒక్కొక్కరూ అరగంటసేపు కూర్చుని నింపిన ఫారాలు అవి.

మిగతావి క్లుప్తంగా. హైపోథిసిస్ లేకుండా రీసెర్చ్ క్వశ్చన్ మాత్రమే రాయడం ఇంటర్వ్యూలు, గుణాత్మక అధ్యయనాలకు సరిపోతుంది. సర్వేలో మాత్రం తప్పించుకున్నట్టు ఉంటుంది.

లక్ష్యం రాసేటప్పుడు ఒక్క మాట దగ్గర జాగ్రత్త. "నిద్ర ప్రభావాన్ని అధ్యయనం చేయడం" అని దాదాపు అందరూ రాస్తారు. మీరు ఎవరి నిద్రనూ మార్చలేదు, ఫారం ఇచ్చి అడిగారంతే. టెన్షన్ వల్లే నిద్ర పట్టకపోయి ఉండొచ్చు. అక్కడ రాయాల్సింది "సంబంధం". లక్ష్యంలో ప్రభావం అని రాసి పరికల్పనలో సంబంధం అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

మీ డిపార్ట్‌మెంట్ నల్ తప్పనిసరి అంటే గొడవపడకండి. పాత అధ్యయనాల సమీక్ష అధ్యాయం చివర, కారణంతో సహా దిశ ఉన్న పరికల్పన రాయండి, విశ్లేషణ అధ్యాయంలో దానికి ఎదురుగా నల్ పెట్టండి. రెండూ ఉండొచ్చు. ఫారాలు పంచడానికి ముందు ఆ పేజీని, పరిశోధన ప్రణాళికలు దాచుకునే వెబ్‌సైట్ అయిన ఓఎస్ఎఫ్‌లో ఉచితంగా నమోదు చేయొచ్చు, అంత కుదరకపోతే గైడ్‌కు మెయిల్ చేయండి, తేదీ పడుతుంది. ఆ అమ్మాయి నా ముందే పెన్సిల్ గీత చెరిపి పెన్నుతో రాసింది: "తక్కువ నిద్రపోయే వారిలో ఆందోళన ఎక్కువగా ఉంటుంది." కింద తేదీ వేసి, ఫొటో తీసి అక్కడికక్కడే నాకు పంపింది.