కడప ఎండకు పనికొచ్చిన సబ్బుపెట్టె: సోనీ ఆర్‌ఎక్స్100 ఎం3

మా బీరువాలో ఒక డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. లెన్సులు, బ్యాగు కలిపితే రెండు కిలోలకు తక్కువ ఉండదు, బంధువుల పెళ్లిళ్లప్పుడు తప్ప బయటికి రాదు. రోజూ కడప నుంచి జమ్మలమడుగుకు బస్సులో పోయి వచ్చేవాడిని, క్యారియరు, నీళ్ల సీసా పట్టుకుని నిలబడటానికే చోటుండదు, ఇంక ఆ బ్యాగెక్కడ మోసేది? అందుకని రోజూ వెంట ఉండే చిన్న కెమెరా కోసం నెలల తరబడి వెతికి వెతికి, ఆఖరికి సోనీ ఆర్‌ఎక్స్100 ఎం3 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 2014లో వచ్చిన మోడల్. ఇంత పాతదా అంటారేమో, అవును, ఇంత పాతదే.

దీన్నే ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ. ఏప్రిల్‌లో పదకొండింటికి గండికోట లోయ అంచున నిలబడి ఫోన్ ఎత్తి చూడండి, పెన్నా కనపడదు, మీ మొహమే కనపడుతుంది. బ్రైట్‌నెస్ ఎంత పెంచినా అంతే. అందాజాగా నొక్కి, ఇంటికొచ్చాక తలలు తెగిపోయిన ఫోటోలు చూసుకోవడమే. ఈ కెమెరాలో ఎడమ పక్కన చిన్న మీట ఉంటుంది, కిందికి లాగితే వ్యూఫైండర్ టక్కున పైకి లేస్తుంది, దాని కంటి భాగాన్ని వెనక్కి లాగి కన్ను ఆనిస్తే చీకటి గదిలో టీవీ చూసినట్టు లోయంతా కనపడుతుంది. లెన్సు 24 మిల్లీమీటర్ల నుంచి మొదలవుతుంది (ఈ అంకె చిన్నదైతే వెడల్పుగా పడుతుంది, పెద్దదైతే దూరంది దగ్గరగా వస్తుంది) కాబట్టి రెండు వైపుల ఎర్ర రాళ్లూ, మధ్యలో నీళ్లూ ఒకే ఫ్రేములో పట్టేస్తాయి.

మరి వేరేవి చూడలేదా అంటే చూశాను. రికో జీఆర్ 3 మీద మనసు చాలా రోజులు లాగింది. 257 గ్రాములే, ఫోటోను పట్టే చిప్పు, అదే సెన్సరేమో, డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండేంత పెద్దది. కానీ జూమ్ లేదు, వ్యూఫైండరూ లేదు. సాయంత్రాలు సందుల్లో తిరిగి తీసేవాళ్లకు బంగారం, నాకు కుదరదు. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2లో జూమ్ 100 దాకా ఉంది, టచ్ స్క్రీన్ ఉంది, అందులోనూ వ్యూఫైండర్ లేదు. ఫుజీ ఎక్స్100 6లో జూమ్ లేకపోయినా వ్యూఫైండర్ ఉంది గానీ 521 గ్రాములు. దాన్ని జేబులో వేసుకుంటే ప్యాంటు జారుతుంది, దాని రేటు వింటే గుండె జారుతుంది.

ఇది 290 గ్రాములు. మొదటిరోజు ఏడు రోడ్ల దగ్గర టీ కొట్టులో బల్ల మీద పెడితే కొట్టాయన “ఏంది సార్, సబ్బుపెట్టె తెచ్చినారు?” అన్నాడు. నిజమే, అలాగే ఉంటుంది. సబ్బులాగే జారుతుంది కూడా, ముందు వైపు పట్టుకోవడానికి ఏమీ లేదు, చెమట చేతులతో ఇంకా కష్టం. రబ్బరు గ్రిప్ ఒకటి తెప్పించి అంటించుకోండి, తాడు మాత్రం మణికట్టుకు ఉండాల్సిందే.

సెన్సర్ 1 అంగుళం అంటారు, స్కేలు పెట్టి కొలిస్తే 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాతకాలం టీవీ కెమెరా ట్యూబుల లెక్క అది, ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారు. అయినా చవక జేబు కెమెరాల సెన్సర్ కంటే నాలుగు రెట్లు పెద్దది. పొద్దున ఆరింటికి హోటల్లో ట్యూబులైటు కింద ఎర్రకారం దోసె ఫోటో తీశాను. ఫోనేమో కారాన్ని నిప్పులాగా, ప్లేటును నీలంగా చూపించింది. ఇందులో కారం మీద కరుగుతున్న వెన్న, అంచున మాడిన గీత, కారంలో నలగని ఉల్లిపాయ ముక్క, అన్నీ కంటికి కనపడినట్టే వచ్చాయి. వైడ్‌లో 5 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లొచ్చు, ఆవిరికి లెన్సు మసకబారుతుంది, చూసుకోండి. పట్టపగలు మాత్రం మంచి ఫోనుకూ దీనికీ తేడా అంతగా తెలియదు.

ఇంకొకటి, దీని షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు దాటదు. మన మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/1.8 పెట్టి, అంటే లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి, మనిషి వెనకంతా మసకగా రావాలంటే ఆ వేగం సరిపోదు, ఫోటో తెల్లబోతుంది. అందుకే లోపలే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టారు, ఆన్ చేస్తే వెలుతురు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కెమెరాకు చలువ కళ్లద్దాలు అనుకోండి. నేను దాన్ని ఒక బటన్‌కు పెట్టేసుకున్నాను.

చిరాకులూ ఉన్నాయి. వ్యూఫైండర్‌ను లోపలికి నొక్కితే కెమెరా మొత్తం ఆఫ్ అయిపోతుంది, ఎవరికి తట్టిందో ఈ ఆలోచన! టచ్ లేదు. మెనూలో ఒకటి వెతకబోతే ఇంకొకటి తగులుతుంది. జూమ్ 70తో సరి, కాబట్టి ఒంటిమిట్ట గోపురం మీది బొమ్మలు దగ్గరగా కావాలంటే కుదరదు. అది ముఖ్యమనుకుంటే ఇదే వరుసలో 200 దాకా జూమ్ ఉన్న ఎం6, ఎం7 చూసుకోండి, కాకపోతే వాటిలో లెన్సు ఎఫ్/2.8 నుంచే మొదలవుతుంది, అంటే దీనంతగా తెరుచుకోదు. బ్యాటరీ ఒక్క చార్జికి 320 ఫోటోలని కంపెనీ లెక్క. పవర్ బ్యాంకుతో కూడా చార్జ్ అవుతుంది గనక బస్సులో ఆ టెన్షన్ లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దుమ్ము సంగతి మరిచిపోవద్దు. బయటికి పొడుచుకొచ్చే లెన్సులన్నీ గాలితో పాటు దుమ్మునూ లోపలికి లాక్కుంటాయి, విప్పి తుడిచే వీలుండదు. ఇంతకుముందు నా దగ్గరున్న చిన్న కెమెరా ఒకటి అలాగే పోయింది, ఆకాశం తీస్తే ఈగలు వాలినట్టు మచ్చలు. అందుకే దీన్ని కొనేటప్పుడు ఎఫ్/11 పెట్టి (రంధ్రం చిన్నదైతే దుమ్ము మచ్చలు బయటపడతాయి), ఆకాశం వైపు తిప్పి పది ఫోటోలు తీసి, ఒక్కొక్కటీ పెద్దది చేసి మూలమూలా చూశాను. అమ్మేటాయన ఎండలో కాసేపు ఓపిక పట్టి, “సార్, కెమెరా కొంటాండారా, ఆకాశం కొంటాండారా?” అన్నాడు. మచ్చ లేదు. డబ్బులిచ్చేశాను.