రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ: ఇక్కడ మేలా, అమెరికాలో మేలా?

ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చివరి సెమిస్టరుకు వచ్చిన విద్యార్థులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: పీహెచ్‌డీ ఇక్కడే చేయడం మేలా, అమెరికా వెళ్లి చేయడం మేలా? అడిగేవారి మనసులో ఫెలోషిప్ ఎంత వస్తుంది, ఎన్నేళ్లు పడుతుంది, ఆ పట్టాతో ఉద్యోగం దొరుకుతుందా అన్న లెక్కలు ఉంటాయి. వాటిని తీసిపారేయడానికి లేదు కనుక వాటి సంగతీ చెబుతాను. అయితే పట్టా చేతికి ఇచ్చే ముందు రెండు దేశాల విశ్వవిద్యాలయాలు అభ్యర్థి చేత ఏమేమి చేయిస్తాయో వరుసగా పరిశీలిస్తే, అసలు తేడా చేరిన తరువాతి మొదటి రెండేళ్లలో ఉన్నదని నా అభిప్రాయం.

ముందుగా ప్రవేశం. మన దగ్గర అమలులో ఉన్నవి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు. పీజీలో 55 శాతం, లేదా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు కావాలన్న సంగతి అందరికీ తెలిసిందే. 2024 నుంచి జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్ ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారు, అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికీ పీహెచ్‌డీకీ అర్హులు, పీహెచ్‌డీకి మాత్రమే అర్హులు. జేఆర్ఎఫ్ వచ్చినవారిని ఇంటర్వ్యూ ఆధారంగా, మిగిలిన రెండు వర్గాల వారిని నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇచ్చి తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష దారి కూడా ఉంది. అయితే ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు కాబట్టి, సీటు దొరకడమన్నది చాలావరకు ఆ ఏడాది ఎవరి దగ్గర ఖాళీ ఉన్నదన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ గైడ్ పని చేసే రంగం విద్యార్థి ఆసక్తికి దగ్గరగా ఉంటే అదృష్టమే.

అమెరికాలో విడిగా ఎం.ఏ. ఉండాలన్న నియమం సాధారణంగా లేదు. జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్షను చాలా విభాగాలు ఐచ్ఛికం చేశాయి. ఒక ఉద్దేశ పత్రం, మూడు సిఫారసు లేఖలు, ఇంగ్లిషు పరీక్ష స్కోరు, వీటితో పాటు విద్యార్థి స్వయంగా రాసిన ఇరవై ముప్ఫై పేజీల పరిశోధనా వ్యాసం అడుగుతారు. మన విద్యార్థులు తట్టుకుని పడేది ఈ చివరి దాని దగ్గరే. మార్కుల జాబితాలో డిస్టింక్షన్ ఉన్నా, ఒక ప్రశ్న వేసుకుని ఆధారాలతో వాదన నడిపిన వ్యాసం ఒక్కటైనా చేతిలో లేకుండా ఎం.ఏ. పూర్తి చేసినవారు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల నుంచి ఎందరో వస్తున్నారు. దరఖాస్తుకు ఏడాది ముందే ఆ వ్యాసం మొదలుపెట్టని వారికి అమెరికా గురించి ఆలోచించవద్దనే చెబుతాను. ఒక్కో దరఖాస్తుకు సుమారు వంద డాలర్లు వృథా.

ఇక నేను నిర్ణాయకమనుకునే విషయం. మన నిబంధనల ప్రకారం కోర్స్ వర్క్ కనీసం 12 క్రెడిట్లు. పరిశోధనా పద్ధతులు, ప్రచురణ నైతికత, ఆ పైన తన అంశానికి సంబంధించిన ఒక పేపరు. చాలాచోట్ల ఒకటి రెండు సెమిస్టర్లలో ఇది ముగుస్తుంది, 55 శాతం తెచ్చుకుంటే చాలు. అప్పటికే విద్యార్థి దగ్గర టాపిక్ ఉంటుంది, ఎందుకంటే టాపిక్ చెప్పే సీటు తెచ్చుకున్నాడు. అమెరికాలో మొదటి రెండేళ్లూ తరగతులే. అమెరికా రాజకీయాలు, తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు, రాజకీయ సిద్ధాంతం, పరిశోధనా పద్ధతులు అన్న ఉపరంగాలలో సాధారణంగా రెండింటిని ఎంచుకుని, వాటిలో కాంప్రహెన్సివ్ పరీక్ష రాయాలి. కొన్ని విభాగాలలో ఇది ఒక పూట గదిలో కూర్చుని రాసే పరీక్ష, కొన్నిటిలో రోజుల తరబడి ఇంటి దగ్గర రాసేది, కొన్నిటిలో మౌఖికం కూడా ఉంటుంది. ఏ రూపంలో ఉన్నా ఆ ఉపరంగంలో కొన్ని దశాబ్దాల వాదోపవాదాలన్నీ చదివి ఉండాలి. అందులో తప్పితే రెండో అవకాశం ఇస్తారు; రెండోసారీ తప్పితే ఎం.ఏ. పట్టాతో పంపించివేసే విభాగాలున్నాయి. ఆ గండం గట్టెక్కిన తరువాతే ప్రాస్పెక్టస్, అంటే పరిశోధనా ప్రతిపాదన, కమిటీ ముందు సమర్థించుకోవాలి.

ఈ తేడా వల్ల జరిగేదేమిటో ఒక ఉదాహరణతో చూడవచ్చు. తెలుగుదేశం పార్టీ మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థులు మనకు కొత్త కాదు. ఇక్కడ ఆ థీసిస్ ఎలా ఉంటుందో చదవకుండానే చెప్పవచ్చు: ప్రాంతీయ పార్టీల నిర్వచనాలతో మొదటి అధ్యాయం, రాష్ట్ర రాజకీయ చరిత్రతో రెండవది, 1982 మార్చిలో పార్టీ స్థాపన నుంచి ఎన్నికల వారీ ఫలితాలతో మూడవది, ఎంచుకున్న జిల్లా పరిచయంతో నాలుగవది, ఆ తరువాత సర్వేలో జవాబులిచ్చిన మూడు వందల మంది వయసు, కులం, వృత్తి, ఆదాయాల వారీ శాతాల పట్టికలు, చివర సూచనలు. పట్టిక కింద ఉండే వాక్యం కూడా పట్టికలోని అంకెలనే మాటల్లో చెబుతుంది. సమాచారం సేకరించడంలో ఆ విద్యార్థి పడిన శ్రమను నేను తక్కువ చేయడం లేదు. ఎండలో ఊళ్లు తిరిగి తెచ్చిన సమాచారం అది. అయితే ఆ సమాచారం ఏ ప్రశ్నకు జవాబో అందులో కనబడదు.

అదే విద్యార్థి పార్టీ వ్యవస్థల మీద కాంప్రహెన్సివ్ పరీక్షకు చదివి ఉంటే ఫ్రెంచి రాజనీతి పండితుడు డువెర్జె సూత్రం దగ్గర ఆగక తప్పదు. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఓటర్లు తమ ఓటు వృథా చేసుకోవడానికి ఇష్టపడరు కనుక పోటీ రెండు పార్టీల మధ్యకే కుదించుకుపోతుందని ఆ సూత్రం చెబుతుంది. అలాంటప్పుడు ఊరూపేరూ లేని కొత్త పార్టీ గెలుస్తుందన్న నమ్మకం 1983 జనవరి నాటికి, కేవలం తొమ్మిది నెలల్లో, లక్షల మంది ఓటర్లకు ఒకేసారి ఎలా కలిగింది? ఒకరి నిర్ణయం మరొకరికి ఎలా తెలిసింది? ఈ ప్రశ్న వేసుకున్నాక జిల్లా పరిచయం అధ్యాయం దానంతట అదే ఎగిరిపోతుంది, చైతన్యరథం తిరిగిన దారులు, పత్రికల వ్యాప్తి, సినిమా అభిమాన సంఘాల వివరాలు దాని స్థానంలోకి వస్తాయి. పరిశోధించే ఊళ్లు అవే, మాట్లాడే మనుషులూ వాళ్లే.

థీసిస్‌ను ఎవరు చూస్తారన్నదీ దీనికి ముడిపడినదే. మన దగ్గర పరిశోధక సలహా సంఘం ముందు ప్రతి సెమిస్టరూ ప్రగతి చెప్పుకోవాలన్న నియమం ఉంది, అయితే ఆచరణలో భారమంతా ఒక్క గైడ్ మీదే పడుతుంది. గైడ్ కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు థీసిస్ చూస్తారు, కాని వాళ్లు చూసేసరికి అది బైండింగ్ అయి ఉంటుంది. అమెరికాలో ముగ్గురు నలుగురు సభ్యుల కమిటీ ప్రాస్పెక్టస్ దశ నుంచీ అధ్యాయాలు చదువుతూ వస్తుంది కనుక, అభ్యంతరం చెప్పవలసినవారు సరిదిద్దుకోవడానికి వీలున్నప్పుడే చెబుతారు. గైడ్‌తో పొసగకపోతే కమిటీలో మరొకరిని ఆశ్రయించే వీలుండటం చిన్న విషయం కాదు.

అలాగని ఇక్కడి పక్షాన చెప్పవలసింది లేదని కాదు. తెలుగు నేల రాజకీయాలే పరిశోధనాంశమైతే ఆధారాలన్నీ ఇక్కడే ఉన్నాయి, భాష నేర్చుకోనక్కరలేదు. 1960లలో అమెరికా పండితుడు మైరన్ వీనర్ కాంగ్రెస్ పార్టీ నిర్మాణం మీద పరిశోధన కోసం ఎంచుకున్న అయిదు ప్రాంతాలలో గుంటూరు ఒకటి. ఆయన దాటివచ్చిన దూరం గుంటూరు విద్యార్థికి లేదు. అమెరికాలో చేరినవారు క్షేత్ర పర్యటనకు గ్రాంట్లు వెతుక్కోవాలి, మనుషులను ఇంటర్వ్యూ చేయడానికి ముందు విశ్వవిద్యాలయ నైతిక సమీక్ష సంఘం అనుమతి తీసుకోవాలి. పైగా అక్కడ గణాంక పద్ధతుల మీద మోజు ఎక్కువ. కార్యకారణ సంబంధాన్ని అంకెలతో నిరూపించలేని అంశాలను, ఒక మండలంలో సహకార సంఘాల చరిత్ర వంటివాటిని, వదులుకోమని సున్నితంగా చెప్పే విభాగాలు తక్కువేమీ కాదు. రాజకీయ సిద్ధాంతం చేయాలనుకునేవారికి ఈ ఇబ్బంది లేదు.

డబ్బు లెక్క చూస్తే, జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, అద్దె భత్యం అదనం, మొత్తం అయిదేళ్లు. వయోపరిమితి 30, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ సడలింపు ఉంది. జేఆర్ఎఫ్ ఉంటే ఇక్కడ ఆర్థికంగా ఇబ్బంది లేదు, లేకపోతే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ లేనివారికి ఇచ్చే నెలకు ఎనిమిది వేల నాన్-నెట్ ఫెలోషిప్‌తో ఎలా బతుకుతారన్నది నిజమైన ప్రశ్న. అమెరికాలో పేరున్న విభాగాలు ఫీజు రద్దు చేసి, అయిదేళ్ల పాటు స్టైపెండ్ ఇస్తాయి, బదులుగా పాఠాలు చెప్పడంలో సహాయం చేయాలి. స్టైపెండ్ లేకుండా సీటు మాత్రమే ఇస్తే వెళ్లకూడదు, ఇందులో రెండో ఆలోచన అక్కరలేదు. 2025లో అక్కడ అనేక విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లను తగ్గించాయన్నదీ గుర్తుంచుకోవాలి. కాలం విషయానికొస్తే మన దగ్గర కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, పునఃనమోదుతో ఎనిమిదేళ్లు. మహిళలకు మరో రెండేళ్లు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు. అక్కడ అయిదు నుంచి ఏడేళ్లు మామూలు.

ఉద్యోగం సంగతి అనుకున్నంత చిక్కుగా లేదు. 2023 జూలై నుంచి అమలులోకి వచ్చిన యూజీసీ సవరణతో అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్ లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష అయిన సెట్ సరిపోతుంది, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. క్యూఎస్, టైమ్స్, షాంఘై అన్న ప్రపంచ విశ్వవిద్యాలయాల ర్యాంకు జాబితాలలో ఏదో ఒకదానిలో తొలి 500 స్థానాలలో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయ పీహెచ్‌డీ ఉంటే నెట్ అక్కరలేదు.

బ్రిటన్ గురించి అడిగేవారూ ఉంటారు. అక్కడ మూడు నాలుగేళ్లలో ముగుస్తుంది, కోర్స్ వర్క్ దాదాపు ఉండదు, నేరుగా థీసిసే. కామన్‌వెల్త్ వంటి స్కాలర్‌షిప్ రాకపోతే ఖర్చు భరించలేము. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్ టైమ్‌గా చేయాలనుకునేవారికి యాజమాన్యం నిరభ్యంతర పత్రంతో మన నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి, కళాశాల అధ్యాపకులకు అది సరిపోతుంది.

మొత్తం మీద, స్టైపెండ్‌తో సీటు వస్తే అమెరికా వైపే మొగ్గమంటాను, ఆ కాంప్రహెన్సివ్ పరీక్ష కోసమే. రాకపోతే జేఆర్ఎఫ్‌తో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట చేరి, మంచి అమెరికా విభాగాలు తమ వెబ్‌సైట్లలో పెట్టే పఠన జాబితాలలో ఒకదాన్ని దించుకుని, కోర్స్ వర్క్ ఏడాదిలోనే చదవడం మొదలుపెట్టాలి. ఇద్దరు ముగ్గురు స్కాలర్లు కలిసి చదివితే ఇంకా మంచిది. ఇక్కడ నమోదైనవారు ఆ తరువాత ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకుని, ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా విభాగంలో కూర్చునే వీలూ ఉంది. ప్రయత్నం రెండు వైపులా ఒకే ఏడాది చేయవచ్చు: నెట్ జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటుంది, అమెరికా దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది, ఫలితాలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెలుస్తాయి, స్టైపెండ్‌తో వచ్చిన సీటుకు జవాబు చెప్పడానికి చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 వరకు సమయమిస్తాయి.