మామిడికాయలకి నిద్రమందు: సగం సీసా వాడాక

బొబ్బిలిలో నాకు చిన్న మెడికల్ షాపు ఉంది. డాక్టరు చీటీ తెచ్చినవాళ్ళకి నిద్ర పట్టడానికి వాడే మెలటోనిన్ 3 మిల్లీగ్రాముల మాత్రలు ఇస్తుంటాను. ఏప్రిల్ నెలాఖర్లో విజయనగరం వెళ్ళినప్పుడు ఒక పురుగుమందుల షాపులో 'మెలటోనిన్, అన్ని పండ్లతోటలకు' అని రాసున్న సీసా కనబడింది. నవ్వొచ్చింది గానీ చెయ్యి ఊరుకోలేదు. పావు లీటరు 680 రూపాయలు. రంగు, తీపి, సైజు, నిల్వ, అన్నీ పెరుగుతాయట.

ఊళ్ళో మా నాన్న వేసిన ఇరవై సువర్ణరేఖ చెట్లున్నాయి. తోట చూసే తాతకి సీసా చూపిస్తే, "ఏటి బావూ, కాయలకి నిద్రమాత్రలేటి?" అన్నాడు. మాట తప్పు కాదు. 1958లో పశువుల మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి తీసిన పదార్థమే ఇది. మొక్కల్లోనూ ఉందని 1995లో తేలింది. టమాటాలో, చెర్రీలో సహజంగానే ఉంటుంది.

పిందె మీద పిచికారీ చేసే కాలం దాటిపోయింది కాబట్టి ఆ సంగతి నేను చెప్పలేను. కోసిన కాయలకే పరీక్ష పెట్టాను. ఒకే చెట్టు నుంచి చిక్కంతో ఎనభై కాయలు కోయించి, సొన కారిపోయాక సగం ఉత్త నీళ్ళలో, సగం మందునీళ్ళలో అరగంట ముంచాను. నీడలో ఆరబెట్టి, గడ్డి పరిచిన రెండు క్రేట్లలో పెట్టాను.

ఐదో రోజుకి ఉత్త నీళ్ళ క్రేటు గుమగుమలాడింది. మందు క్రేటులో కాయలు ఎనిమిదో రోజు దాకా గట్టిగానే ఉన్నాయి. తొడిమ దగ్గర నల్లబడినవి మందు క్రేటులో రెండే, ఉత్త నీళ్ళ క్రేటులో ఏడు. అంటే మందు పని చేసింది, ఒప్పుకోవాలి. కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, ఇథిలీన్ అనే వాయువు వదులుతూ మగ్గుతుంది. మామిడిలో మెలటోనిన్ ఆ ఇథిలీన్‌ని తగ్గిస్తుంది, మెత్తబడడాన్ని ఆలస్యం చేస్తుంది. ఇంకో చిత్రం, టమాటాలో చేసిన ప్రయోగాల్లో ఇదే మందు పండడాన్ని తొందరపెట్టింది. అలాంటప్పుడు 'అన్ని పండ్లకూ ఒకే మోతాదు' అని సీసా మీద ఎలా రాస్తారో!

తీపి సంగతికొస్తే, తేడా ఏమీ లేదు. మా అత్తగారికి చెప్పకుండా రెండు రకాల ముక్కలూ పెట్టాను, ఆవిడ కనిపెట్టలేకపోయారు. కాయ ముదరకుండా కోస్తే ఏ మందూ తీపి తేలేదు. పైగా ఆరో రోజు చుట్టాలొస్తే మందు క్రేటులో కాయ కోసి పెట్టాను. పుల్లగా ఉంది. మా ఆవిడ చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అసలు కోపం సీసా మీద. అందులో మెలటోనిన్ ఎంత శాతమో ఎక్కడా లేదు. లీటరుకి 2 మిల్లీలీటర్లు అని మాత్రం ఉంది. పరిశోధనల్లో తరచూ వాడే 100 మైక్రోమోలార్ గాఢత అంటే లీటరుకి సుమారు 23 మిల్లీగ్రాములు, మా షాపు మాత్రలు ఇంచుమించు ఎనిమిది. ఆ లెక్కన ఈ సీసాలో ఒక శాతం కంటే కాస్త ఎక్కువ ఉండాలి. ఉందో లేదో షాపాయనకి తెలీదు, "కంపెనీవాళ్ళు చెప్పారండీ" అంటాడు. 2021లో కేంద్రం బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్కల ఎదుగుదలకి ఊతమిచ్చే మందులను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి తెచ్చింది. ఆ ఉత్తర్వు కింద రిజిస్ట్రేషన్ అయిందన్న మాట లేబుల్ మీద లేదు, నా బిల్లు మీదా లేదు. దానికి తోడు మెలటోనిన్‌కి వెలుతురు పడదు. ఈ సీసానేమో తెల్లటి ప్లాస్టిక్కు, ఎండ పడే అద్దం వెనక వరసగా పేర్చారు. నా షాపులో ఏ మందైనా అలా పెడితే ఇన్‌స్పెక్టరు ఊరుకోడు.

మా దగ్గర చాలామంది పూత మీదే తోటని షావుకారుకి ఇచ్చేస్తారు. వాళ్ళకి ఇది దండగ. మూడు రోజుల నిల్వ పెరిగితే ఆ లాభం లారీ ఎక్కించేవాడిది. సొంతంగా కోసి కలకత్తాకో భువనేశ్వర్‌కో పంపేవాళ్ళకి పనికొస్తుంది, శాతం రాసి బిల్లిచ్చే చోట దొరికితే.

రెండో సీసా నేను కొనలేదు. మిగిలిన సగం నల్ల కవరులో చుట్టి షాపు ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాను. తాత రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని దాని కేసి చూస్తున్నాడు, తాళం వేశాను.