8 టీబీలో బ్యారకూడానా, ఐరన్‌వుల్ఫా?

రెండూ సీగేట్ కంపెనీ హార్డ్ డిస్కులే, రెండిట్లోనూ 256 ఎంబీ క్యాష్ (డేటాను కాసేపు ఉంచుకునే వేగమైన మెమరీ), విండోస్‌లో రెండూ చూపించేది 7.27 టీబీయే (కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో, మోసమేమీ లేదు). అసలు తేడా లోపల డేటా రాసే పద్ధతిలో ఉంది.

బ్యారకూడా ఎస్ఎంఆర్ (షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్) రకం. ట్రాకులను, అంటే డిస్కు మీద డేటా పడే వలయాలను, ఇంటిమీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి పడేలా రాస్తుంది కాబట్టి తక్కువ చోటులో ఎక్కువ డేటా పడుతుంది, ధరా తగ్గుతుంది, కానీ మధ్యలో చిన్న ముక్క మార్చాలన్నా పక్కనున్న ట్రాకులు కూడా మళ్లీ రాసుకోవాలి. మొదట్లో ఇది తెలియదు, ఎందుకంటే వచ్చిన డేటాను ముందు వేరే చోట పెట్టుకుని తీరిగ్గా సర్దుకుంటుంది. ఒకేసారి వందల జీబీలు కాపీకి పెట్టి చూడండి, ఆ చోటు నిండగానే అప్పటిదాకా పరుగెత్తిన కాపీ బార్ ఉన్నట్టుండి నత్తనడక పడుతుంది.

ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్, అంటే ట్రాకులు ఒకదానిమీద ఒకటి పడకుండా పక్కపక్కనే రాసే రకం, ఆ తంటా లేదు. ఇందులో ST8000VN004 మోడల్ తిరిగేది 7200 ఆర్‌పీఎంతో (నిమిషానికి అన్ని చుట్లు), బ్యారకూడా 5400. నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె) కోసం చేసిందే అయినా డెస్క్‌టాప్‌లో నిక్షేపంగా పనిచేస్తుంది. ఏడాదికి 180 టీబీ పనిభారం (రాసేది, చదివేది కలిపి) తట్టుకుంటుందని కంపెనీ లెక్క, బ్యారకూడాకు 55. చప్పుడు, వేడి మాత్రం కాస్త ఎక్కువే.

సినిమాలు, ఫొటోలు ఒకసారి పడేసి చూసుకోవడానికైతే బ్యారకూడా చాలు, పై డబ్బు దండగ. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేవి) నడిపేవాళ్లు, ముఖ్యంగా రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడటం) పెట్టేవాళ్లు బ్యారకూడా జోలికి పోవద్దు, ఒక డిస్కు పోతే దాని డేటాను కొత్తదానిలో మళ్లీ నింపే రీబిల్డ్ ఎప్పటికి తెములుతుందో అని టెన్షన్ తప్పదు.

ఏది కొన్నా, విండోస్‌లో మొదటిసారి డిస్కును సిద్ధం చేసేటప్పుడు (ఇనిషియలైజ్) పార్టిషన్ పద్ధతిగా జీపీటీ ఎంచుకోండి, పాత పద్ధతి ఎంబీఆర్ పెడితే 2 టీబీ దాటి వాడుకోలేరు.